వాగు దగ్గర ఎన్ని గంటలకు?

పెద్ద మోటారు సైకిలు కొన్నవాణ్ణి లోకం మూడు ప్రశ్నలు వేస్తుంది. ఎంత వేగం పోతుంది, లీటరుకు ఎంత ఇస్తుంది, ఎంతకు పడింది. ఇరుగు పొరుగులూ, కాలేజీలో తోటి లెక్చరర్లూ, ఆఖరికి పాలు పోసే అబ్బాయీ ఈ మూడే అడిగారు. మా ఆవిడ మటుకు ఇందులో ఒక్కటీ అడగలేదు. బండి గుమ్మం ముందుకు వచ్చిన నాడు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏమండీ, ఇది పడితే ఎవరు లేవదీస్తారు?" అని, నిమ్మకాయల కోసం లోపలికి వెళ్లింది.

ఈ బండ్ల గురించి చాలా వ్రాతలు చదివాను గాని, ఇంత సూటి ప్రశ్న ఎక్కడా నాకు తగలలేదు. మా బండి హిమాలయన్ 450. రాయల్ ఎన్‌ఫీల్డు వారు 2023 నవంబరులో అమ్మకానికి పెట్టిన రకం. పెట్రోలుతో సహా దాని బరువు 196 కిలోలు. ఇంటి భాషలో చెప్పాలంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది, కాస్త తక్కువగా. దానిమీద సామాను ఇంకో ముప్ఫై కిలోలు వేసుకోండి. ఈ జాతిలో ఇది చిన్నదే సుమండీ! బీఎండబ్ల్యూ వారి ఆర్ 1250 జీఎస్ 249 కిలోలు తూగుతుంది. ఆ బస్తాలన్నీ ఒక రాళ్లవాగు మధ్యలో, మోకాటి లోతు చన్నీళ్లలో, పక్కకి ఒరిగి పడివున్నాయని ఊహించుకోండి. మా ఆవిడ ప్రశ్న అప్పుడు అర్థమవుతుంది.

ఇంతకూ ఈ బండ్లు ఎందుకు పుట్టాయి? తారురోడ్డు మీద రోజల్లా హాయిగా పోవాలి. తారు అయిపోయిన చోట ఆగకుండా రాళ్లలోకీ ఇసుకలోకీ దిగాలి. ఈ రెండు గుణాలూ ఒకేచోట పెట్టి 1980లో బీఎండబ్ల్యూ వారు ఆర్ 80 జీ/ఎస్ అని ఒక బండి చేశారు. పేరులోని రెండక్షరాల్లో మొదటిది జర్మను భాషలో మిట్టపల్లాల నేలకు గుర్తు, రెండోది వీధికి. మరుసటి యేడు, 1981లో, పారిస్ నుంచి సహారా ఎడారి మీదుగా డకార్ పట్నానికి సాగే పందెంలో ఊబేర్ ఓరియోల్ అనే ఫ్రెంచివాడు ఆ బండి మీద గెలిచేసరికి దానికి పేరు వచ్చింది. ఇహ చూసుకోండి, అందరికీ అదే కావాలి.

"ఆఫ్ రోడ్డు అనే మాటకు తెలుగేమిటి మాస్టారూ?" అని మా క్లాసులో ఒక కుర్రవాడు అడిగాడు. నిఘంటువులు తిరగెయ్యనక్కర లేదన్నాను. గోదావరి జిల్లాలలో పొలాల నడుమ ఎడ్లబండ్లు పోయే దారిని పుంత అంటారు. కొన్ని సీమల్లో డొంక అంటారు. కొండల మధ్య సందుకు కనుమ అని చక్కని మాట ఉన్నది. కాలిబాట ఉన్నది, ఏరు దాటే రేవు ఉన్నది, ఊబి ఉన్నది. తారు పోసిన రోడ్డు నిన్న మొన్నటిది. మన భాషకు తెలిసిన దారులన్నీ దాదాపు ఆఫ్ రోడ్డువే.

సరే, బరువు సంగతి. పడ్డ బండిని లేపడానికి ఒక పద్ధతి ఉన్నది. బండికి వీపు పెట్టి, నడుము కింది భాగం సీటుకు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు కొస, మరో చేత్తో వెనక కమ్మీ పట్టుకుని, కాళ్లతో వెనక్కి నెట్టుకుంటూ చిన్న అడుగులు వెయ్యాలి. నడుము వంచి చేతులతో ఎత్తబోతే నడుము పోతుంది. కుడిపక్కకు పడితే ముందుగా ఎడమపక్క స్టాండు తీసి ఉంచాలి. లేకపోతే లేచిన బండి అటువైపు పడుతుంది. జారకుండా గేరులో వెయ్యాలి. ఇవన్నీ మా వీధిలో, ఆదివారం ఉదయం, పాత పరుపు వేసి దానిమీద బండిని పడుకోబెట్టి నేర్చుకున్నాను. పిల్లలు వినోదంగా చూశారు. ఎదురింటి పెద్దాయన మాత్రం బండి నడపడం ఎలాగూ రాదు కాబోలు అనుకున్నాడు. నేలమట్టాన ఒక్కణ్ణీ లేపగలను. కాని 4,500 మీటర్ల ఎత్తున ప్రతి ఊపిరికీ అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో అరవై పాళ్లకు లోపే. అక్కడ ఒకసారి లేపితే పది నిమిషాలు రాతి మీద కూర్చోవాలి. రెండోసారి లేపేసరికి ఆ రోజు ప్రయాణం అక్కడికి సరి.

అంచేత మొదటి నిర్ణయం అక్కడే అయిపోయింది: ముగ్గురికి తక్కువైతే వెళ్లేది లేదు. ఇద్దరుంటే బండి లేపవచ్చు గాని, ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడు అతని దగ్గర ఉండాలా, సాయానికి పోవాలా? ముగ్గురైతే ఒకడు ఉంటాడు, ఒకడు పోతాడు. నేనూ, మా బావమరిదీ, మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడూ, ఇదీ మా జట్టు.

మా బావమరిదికి పాతికేళ్లు. వాడు వేసుకొచ్చిన పథకం నాలుగు ఫొటోలు, ఒక పటము. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ. పొద్దున మనాలిలో కాఫీ తాగడం, రాత్రి కాజాలో భోజనం; మధ్యలో కుంజుం కనుమ. "రెండు వందల కిలోమీటర్లే కదా బావగారూ! మనం విజయవాడ నుంచి హైదరాబాదు పోయేదాని కన్న తక్కువ" అన్నాడు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం తారురోడ్డు అలవాటు. మనాలి నుంచి రోహ్‌తాంగ్ కనుమ మీదుగా గాని, 2020 అక్టోబరులో తెరిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం గుండా గాని అవతలికి పోయి గ్రాంఫూ అనే మలుపు దగ్గర చంద్రానది ఒడ్డు పట్టుకోవాలి. అక్కణ్ణుంచి ఛత్రూ 17 కిలోమీటర్లు, ఛత్రూ నుంచి బాతల్ 32. ఈ 49 కిలోమీటర్లూ నది తెచ్చి పోసిన గుండ్రాళ్ల మీద ప్రయాణం. గంటకు పదిహేను కిలోమీటర్లు పోయినవాడు బాగా పోయినట్టు. బాతల్ దాటాక మెలికలు తిరుగుతూ కుంజుం కనుమ, అక్కణ్ణుంచి దిగితే లోసర్ అనే పల్లె, అక్కడికి 57 కిలోమీటర్లలో కాజా. అన్నట్టు, ఈ చంద్రానదే కిందికి పోయి టాండీ అనే చోట భాగానదితో కలిసి చంద్రభాగ అవుతుంది. పంజాబు మైదానంలోకి దిగి చీనాబు అనిపించుకునేది అదే.

అయితే నాకు పటంలో ఎక్కువగా పట్టుకున్నది దూరాలు కాదు, ఎత్తులు. మనాలి సుమారు 2,050 మీటర్లు. కుంజుం కనుమ 4,550. కాజా 3,700. మనాలిలో పడుకున్నవాడు మర్నాడు రాత్రి కాజాలో పడుకుంటే ఒక్క రోజులో పదహారు వందల మీటర్లు పైకి పోయి పడుకున్నట్టు. మూడు వేల మీటర్లు దాటిన తరవాత రాత్రికీ రాత్రికీ మధ్య ఐదు వందల మీటర్ల కన్న ఎక్కువ పెంచరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కడం మాని ఒకచోట విశ్రమించాలనీ వైద్యులు చెబుతారు. తలనొప్పీ, వాంతులూ, నడకలో తూలూ వచ్చాయంటే కిందికి దిగడమే మందు. బండి నడిపేవాడు తూలితే ఏమవుతుందో చెప్పక్కర లేదు.

కాబట్టి దారి తిప్పేశాను. హైదరాబాదు నుంచి బండ్లు రైలు పార్సెలులో చండీగఢ్ పంపించి (పెట్రోలు చుక్క లేకుండా తీసి పంపాలి, రైల్వేవారి నియమం), సిమ్లా మీదుగా, సట్లెజ్ నది వెంట కిన్నౌరు సీమలోకి పోయాము. కల్పాలో రెండు రాత్రులు. అది 2,900 మీటర్ల ఎత్తు. తరవాత నాకో అనే పల్లె వస్తుంది. అందమైన చోటే గాని 3,600 మీటర్లు. చెరువు చూసి, టీ తాగి, దిగిపోయి తాబోలో పడుకున్నాము. తాబో 3,280. అక్కడ బౌద్ధవిహారం 996లో కట్టింది. మట్టిగోడలు, లోపల చీకట్లో బొమ్మలు. రాజమహేంద్రవరంలో నన్నయగారు భారతం మొదలుపెట్టక ముందే ఆ గోడలు లేచాయనుకుంటూ నేను నిలబడిపోతే, మా బావమరిది బయట గొలుసుకు నూనె వేస్తున్నాడు. ఎవరి శ్రద్ధ వారిది. తరవాత కాజాలో రెండు రాత్రులు, లోసర్‌లో ఒకటి. మనాలి వైపు నుంచి ఒక్కరోజులో అయ్యే ఎక్కుడు ఇట్లా వారం పట్టింది. ఒక్కరికీ తలనొప్పి రాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. యాత్ర వేసుకోవడం అంటే చాలామంది ఎక్కడికి పోవాలో వ్రాసుకోవడం అనుకుంటారు. నేను ముందుగా వ్రాసేది ఎక్కణ్ణుంచి వెనక్కి తిరగాలో, ఎన్ని గంటలకు తిరగాలో. అది తేలితే పెట్రోలూ, సెలవులూ, డబ్బూ వాటంతట అవే తేలతాయి. పెట్రోలే చూడండి. కాజాలో బంకు ఉన్నది. 3,740 మీటర్ల ఎత్తున, ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని ఇండియన్ ఆయిల్ వారు బోర్డు పెట్టారు. అక్కడ నింపుకుంటే ఛత్రూ మీదుగా మనాలి వైపు పోయే ఆ దారిలో మళ్లీ బంకు లేదు. మా బావమరిది లెక్క: రెండు వందల కిలోమీటర్లు, లీటరుకు ఇరవై ఎనిమిది, ఎనిమిది లీటర్లు చాలు. నా లెక్క: కాజా నుంచి ఛత్రూకు 120. అక్కడ దారి మూసివుంటే వెనక్కి 120. రాళ్లలో ఒకటీ రెండూ గేర్లలో లీటరుకు ఇరవై కన్న రాదు. పన్నెండు లీటర్లు కావాలి. ట్యాంకు పట్టేది పదిహేడు. మిగిలిన అయిదూ చలికీ, దారి తప్పడానికీ, ఎవరైనా సీసా పట్టుకుని అడిగితే కాదనకుండా ఇవ్వడానికీ. పోవడానికి చాలే పెట్రోలుతో బయలుదేరినవాడు వెనక్కి తిరగలేడు. తిరగలేనివాడు నీళ్లలోకి దిగుతాడు.

నీళ్ల సంగతి చెప్పాలి. ఆ దారిని అడ్డంగా కోసుకుంటూ వాగులు వస్తాయి. వానవాగులు కావు, మంచు కరిగిన వాగులు. వాటికి గడియారం ఉన్నది. రాత్రి చలికి కరగడం తగ్గుతుంది. తెల్లవారేసరికి వాగు చిక్కిపోతుంది. ఎండెక్కినకొద్దీ మంచు కరుగుతుంది, ఆ నీరు కిందికి దిగడానికి మరికొంత పొద్దు పడుతుంది; సాయంత్రానికి వాగు ఒళ్లు విరుచుకుంటుంది. తెల్లవారుజామున పిక్కలు తడిసే చోట సాయంత్రం నడుము లోతు వస్తుంది. ఛత్రూ దగ్గర ఒకదానికి పాగల్ నాలా, అంటే పిచ్చివాగు, అని పేరే పెట్టారు. నీళ్లు పిండి కలిపినట్టు తెల్లగా ఉండి అడుగున రాయి కనిపించదు. చెవి పెట్టి వినాలి. లోపల రాళ్లు దొర్లుతూ గుబగుబమని చప్పుడవుతుంటే దిగరాదు.

దీనివల్ల ఏ దిక్కు నుంచి వస్తున్నామన్నది ముఖ్యమవుతుంది. మనాలిలో చీకటితో బయలుదేరినవాడు ఎండ ముదరక ముందే ఛత్రూ వాగుల్ని దాటుకుంటాడు. కాజాలో బయలుదేరినవాడికి అవి రోజు చివర, సరిగ్గా పొంగే వేళకు ఎదురవుతాయి. ఎత్తుల కోసం మేము కాజా వైపు నుంచి వస్తున్నాము. కాబట్టి నీళ్ల కోసం బాతల్‌లో ఒక రాత్రి కలపవలసి వచ్చింది. మా ఫిజిక్సు మిత్రుడు, "ఒక సమస్యను తీరిస్తే దాని పిల్ల పుడుతుందయ్యా" అన్నాడు. ఇంట్లోనే, భోజనాల బల్ల దగ్గర, కాగితం మీద వ్రాసుకున్నాము: బాతల్ నుంచి తెల్లవారి అయిదున్నరకు కదలాలి. పెద్దవాగు దగ్గరకు పది గంటల లోపు చేరితేనే దిగాలి. పది దాటితే లోతు ఎంతున్నా, ఎవరు దిగుతున్నా మనం దిగరాదు, బాతల్‌కు వెనక్కి. ముగ్గురం సంతకాలు పెట్టాము. మా బావమరిది నవ్వుతూ పెట్టాడు.

వెళ్లినది రెండేళ్ల కిందట, జూన్ నెలాఖరున. బాతల్‌లో అయిదున్నరకే కదిలాము. రెండు గంటల్లో సగం దారి వచ్చాము. అక్కడ మా మిత్రుడి వెనక చక్రం పంక్చరయింది. చక్రాలకు ఊచలున్న బండ్లలో కొన్నింటికి లోపల ట్యూబు ఉంటుంది. చక్రం ఊడదీసి, టైరును గడ్డపలుగుల్లాంటి చిన్న ఇనప పట్టీలతో ఒలిచి, ట్యూబు మార్చి, మళ్లీ తొడగాలి. ఊళ్లో అరగంట పని. ఆ ఎత్తున, చలికి కొంకర్లుపోయే వేళ్లతో, రెండు గంటల పైన పట్టింది. కొత్త ట్యూబును పట్టీ కొరికి అది కూడా పోతే, అతుకు వేసి మళ్లీ మొదలు. వాగు దగ్గరకు వచ్చేసరికి పదకొండూ ఇరవై.

వాగు చూడడానికి అంత భయంగా లేదు. మోకాలికి కాస్త పైన ఉంటుందేమో. గట్టున నలుగురు కుర్రవాళ్లు, ఏ ఊరివారో, సామాన్లు సర్దుకుని దిగడానికి సిద్ధంగా ఉన్నారు. మమ్మల్నీ రమ్మన్నారు. మా బావమరిది నా మొహం చూశాడు. నేను జేబులోంచి కాగితం తియ్యలేదు; తీసివుంటే చింపేసేవాడేమో. "ఏమోయ్, పది దాటింది" అన్నాను. "కళ్లెదురుగా దాటుతున్నారు బావగారూ!" అన్నాడు. అన్నట్టుగానే ఆ నలుగురూ దాటారు. ఒకడు మధ్యలో వంగాడు గాని నిలదొక్కుకున్నాడు. అవతలి గట్టెక్కి చెయ్యి ఊపారు. మేము బండ్లు తిప్పుకుని వచ్చిన రాళ్లన్నీ మళ్లీ లెక్కపెట్టుకుంటూ బాతల్‌కు వచ్చాము. ఆ సాయంత్రమంతా మా బావమరిది నాతో మాట్లాడలేదు. దాబాలో వేడి వేడి రాజ్మా వడ్డిస్తే మా మిత్రుడితో, "ఆయనకు ఉప్పు కావాలేమో అడగండి" అన్నాడు.

మేము దిగివుంటే మేమూ దాటేవాళ్లమే కావచ్చు. కాని ఆ పది గంటలన్నది వాగును చూసి పెట్టిన గడువు కాదు. ఇంటి దగ్గర, ఎవరూ చూడని చోట, ఆకలీ అలసటా లేనప్పుడు, పెళ్లాం పిల్లలు పక్కగదిలో ఉండగా పెట్టినది. వాగు గట్టున నిలబడి ఆలోచించేవాడు వేరే మనిషి. వాడికి రెండు గంటల టైరు పని మీద కోపం ఉంటుంది, అవతలి గట్టు మీద నలుగురు చూస్తుంటారు, పైగా బండి ఖరీదు గుర్తుకొస్తుంది. "ఇంత పెట్టి కొన్నది ఇందుకు కాదూ?" అనిపిస్తుంది. అలాంటివాడి చేతికి నిర్ణయం ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

మర్నాడు ఎనిమిది లోపే వాగు దగ్గర ఉన్నాము. నీరు జానెడు తగ్గింది. ముందు ముగ్గురం బూట్లతో నడిచి చూశాము. నడవలేని నీళ్లలో నడపరాదు. తరవాత ఒక్కొక్క బండీ. మొదటి గేరులో, ఇంజను సన్నగిల్లకుండా ఒకే తీరున పోనిస్తూ, చూపు నీళ్ల మీద కాక అవతలి గట్టు మీద పెట్టి పోవాలి. అంత చేసినా మా బావమరిది మూడొంతులు దాటాక గుండ్రాయి ఎక్కి పడ్డాడు. ఇంజను ఆగిపోయింది. ఇక్కడ ఒక సంగతి: నీళ్లలో పడి ఆగిన బండికి స్టార్టరు బొత్తాం నొక్కరాదు. లోపలికి నీరు పోయివుంటే, నీరు గాలిలా నొక్కుకుపోదు గనక, పిస్టను కడ్డీ వంగిపోతుంది. గట్టెక్కించి, ప్లగ్గు ఊడదీసి, నీరు లేదని తేల్చుకుని అప్పుడు నొక్కాలి. ముగ్గురం పట్టి లేపాము. మోకాలి లోతు నీటిలో, ముగ్గురికీ చాలినంత బరువుంది. లేపుతుండగా వాడు నాతో మొదటిమాట మాట్లాడాడు: "ఇదే నిన్న అయితే?" అన్నాడు. నేనేమీ అనలేదు; నోట్లో ఊపిరి లేదు.

బండి పడినా లారీ ఎక్కినా నామోషీ అనుకునేవారికి ఒక ముచ్చట. 2004లో యూవన్ మెగ్రెగర్, చార్లీ బూర్మన్ అనే ఇద్దరు నటులు లండను నుంచి తూర్పుదిక్కుగా బయలుదేరి మంగోలియా, సైబీరియా దాటి న్యూయార్కు చేరారు. వారివి పెద్ద బీఎండబ్ల్యూ జీఎస్ బండ్లు. మంగోలియాలో వారి కెమెరామన్ బండి చట్రం విరిగితే దాన్ని ముందుకు పంపేసి, అతను అక్కడే ఒక చిన్న రష్యా బండి కొనుక్కుని దానిమీద పోయాడు. బురదలో పెద్దబండ్లవాళ్లు పడిలేస్తుంటే అతను తేలిగ్గా పోతుండేవాడు. సైబీరియాలో వంతెనలు లేని లోతు నదుల దగ్గర ఆ పెద్దబండ్లను భారీ లారీల మీదికెక్కించి దాటించారు. ప్రపంచమంతా చూసిన యాత్ర అది. లారీ ఎక్కినంత మాత్రాన ఎవరూ దాన్ని యాత్ర కాదనలేదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. ఇనప పెట్టెల కన్న గుడ్డసంచులు మేలు; బండి పక్కకు పడితే కాలు పెట్టె కింద నలిగే ప్రమాదం తక్కువ. బరువైనవి కిందుగా, మనిషికి దగ్గరగా కట్టాలి. టైర్లలో గాలి తారురోడ్డు మీద ముప్ఫై ఆరు పౌండ్లుంటే రాళ్లలో పాతిక దాకా దించుతాము, పట్టు దొరుకుతుంది. మరీ దించితే రిమ్ము సొట్టపోతుంది. దించిన గాలి మళ్లీ ఎక్కించడానికి బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉండాలి. ఫొటోల కోసం తెచ్చిన సరంజామాలో సగం ఇంట్లో వదిలి ఒక ట్యూబు ఎక్కువ తీసుకోండి.

సెలవుల సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగస్తుడి యాత్రను చెడగొట్టేది అదే. మా వేసవి సెలవులు మేలో అయిపోతాయి. కుంజుం కనుమ మంచు తొలగించి తెరిచేసరికి మామూలుగా జూన్. దసరా సెలవులకు వాగులు చిక్కిపోయి బాగుంటాయి గాని, అక్టోబరులో ఎప్పుడు మంచు పడి కనుమ మూస్తారో తెలియదు. నడిమధ్య జూలై, ఆగస్టు కొండచరియల కాలం. 2023 జూలైలో ఆ సీమలో వానలూ మంచూ ఒకేసారి విరుచుకుపడి మనాలి రోడ్డును బియాస్ నది కోసేసింది. కుంజుం కనుమకు దగ్గర్లోని చంద్రతాల్ సరస్సు వద్ద రెండు వందల యాభైకి పైగా యాత్రికులు చిక్కుకుపోతే, దారిలో మంచు తొలగించి రోజుల తరబడి శ్రమపడి బయటికి తెచ్చారు. అందువల్ల అర్జిత సెలవులో రెండు రోజులు ఎందుకూ వాడకుండా ఉంచుకోవాలి. సోమవారం క్లాసు ఉన్నదని ఆదివారం వాగులో దిగేవాళ్లను చూశాను. మా రెండు రోజుల్లో ఒకటి ఆ బాతల్ వాగు తిన్నది.

ఇహ ఇంట్లోవాళ్లు. మా ఆవిడ రెండో ప్రశ్న ప్రయాణానికి ముందు రోజు వచ్చింది: "ఫోను రాకపోతే ఎంతసేపు ఆగి కంగారు పడమంటారు?" ఆ దారిలో ఫోను పలకని చోటు పెద్దది. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోను పట్టుకుపోవడం నేరం కూడాను. కాబట్టి కాగితం ఒక్కటే దిక్కు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో, ఏ రోజు ఫోను పలుకుతుందో, వాగు దగ్గర వెనక్కి తిరిగితే ఆ లెక్క ఎలా మారుతుందో వ్రాసి ఇచ్చాను. "లోసర్ తరవాత మూడో రోజు రాత్రి దాకా ఎదురుచూడు. నాలుగో రోజు పొద్దున్నే 112కి, లాహౌల్ స్పితి జిల్లా పోలీసులకు చెప్పు" అని కింద గీత గీశాను. మేము బాతల్‌కు వెనక్కి తిరిగిన రాత్రి ఆవిడ కాగితం చూసుకుని, ఈ రాత్రికి కంగారు లేదని తేల్చుకుని, పిల్లకు ఎక్కాలు చెప్పిందట. మా అత్తగారు మాత్రం కాగితాన్ని నమ్మలేదు. ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకున్నారు. అదీ చెల్లించాము.

ఈ దసరాకు మళ్లీ వెళ్లాలని ఆలోచన. ఈసారి కాగితం మా బావమరిదే వ్రాస్తున్నాడు. బరువు తగ్గించాలని వాడు తన కెమెరా మూడుకాళ్ల స్టాండు జాబితాలోంచి కొట్టేశాడు; ట్యూబులు రెండు చేశాడు. పెద్దవాగు ఎదురుగా "పదకొండు గంటలు" అని వేశాడు. అక్టోబరులో చలికి వాగు ఆలస్యంగా పెరుగుతుంది గనక ఒక గంట కలపవచ్చునని వాడి వాదన. మా ఫిజిక్సు మిత్రుడు వాడి పక్షం చేరాడు. అక్టోబరులో పొద్దు తొందరగా గూకుతుంది, పడ్డ బండిని తుడిచి ఆరబెట్టి ఛత్రూ చేరడానికి వెలుతురు ఉండాలి గదా, పది చాలునని నేనంటున్నాను. మొన్న ఆదివారం రెండు కాఫీలయినా తేలలేదు.